ముత్తాతగారి జేబు గడియారం: మూతలో పక్షి ముద్ర, కడియం మీద సింహం ముద్ర. ఏ భాగం అసలుది?

ప్రశ్న: గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. మా ముత్తాతగారు బెజవాడ, రాజమండ్రి ప్రాంతాల్లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేలో గార్డుగా పనిచేశారు. ఆయన వాడిన జేబు గడియారం మా నాన్నగారి ఇనప్పెట్టెలోంచి ఈ మధ్యనే నా చేతికి వచ్చింది. కీ తిప్పితే నడుస్తోంది కాని, రోజుకు పది నిమిషాలు వెనకబడుతోంది. దీన్ని బాగుచేయించడానికి ముందు ఇందులో ఏ భాగాలు మొదటినుంచీ ఉన్నవో, ఏవి మధ్యలో మార్చినవో తెలుసుకోవాలని ఈ ప్రశ్న రాస్తున్నాను.

ముఖం మీద మూత లేని రకం. తెల్లని డయలు మీద వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ, బొంబాయి, కలకత్తా అని ఇంగ్లీషులో ఉంది. వెనక మూత పైన సన్నని గీతల నగిషీ, నడుమ ఒక చిన్న గుండ్రటి ఖాళీ, అందులో ఎం.ఎస్.ఎం. రైల్వే, 1912 అని చెక్కి ఉన్నాయి. ఆ మూత తెరిస్తే లోపల 0.800 అనే అంకె, దాని పక్కన ఆవగింజంత పక్షి బొమ్మ, కింద ఆరంకెల సంఖ్య కనిపిస్తాయి. యంత్రాన్ని కప్పే లోపలి మూత మీద కూడా అదే పక్షి, అదే సంఖ్య ఉన్నాయి. యంత్రం మీద మాత్రం వేరే సంఖ్య ఉంది. గొలుసు తగిలించే పై కడియం మీద పక్షి లేదు. భూతద్దంతో చూస్తే అక్కడ నడుస్తున్న సింహం ఒకటి కనిపించింది.

మా ఊళ్లో గడియారాలు బాగుచేసే ఒకాయన, సంఖ్యలు కలవలేదు కాబట్టి కేసు మార్చేశారనీ, దీనికి విలువ లేదనీ, వెండి తూకానికి ఇచ్చేసి యంత్రాన్ని కొత్త కేసులో పెట్టించుకోమనీ అన్నారు. ఇంట్లోవాళ్లేమో ఆ పక్షి నెమలి అనీ, రైల్వేవారు ప్రత్యేకంగా వేయించిన గుర్తు అనీ చెబుతున్నారు. ఈ రెండు మాటల్లో దేన్ని నమ్మాలో తెలియడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: పాత ముళ్లు, సికింద్రాబాద్

గోదావరి గట్టు గారూ, ముందుగా ఒక మనవి. ఈ చర్చ ముగిసేదాకా ఆ గడియారాన్ని ఎవరికీ అమ్మకండి, మెరుగు పెట్టించకండి. మా నాన్నగారు నలభై ఏళ్లు గడియారాల పని చేశారు. బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని నాకు మొట్టమొదట నేర్పింది ఇది: ఏ ముక్క మీద ముద్ర ఉంటే ఆ ముద్ర ఆ ముక్క గురించే చెబుతుంది, పక్క ముక్కకు హామీ ఇవ్వదు. మీ గడియారాన్ని కూడా ఒక్కొక్క ముక్కగా చదవాలి.

ఆ పక్షి నెమలి కాదు, రైల్వేకూ దానికీ సంబంధం లేదు. స్విట్జర్లాండ్ ప్రభుత్వం 1880 డిసెంబర్‌లో విలువైన లోహాల కేసుల తనిఖీ కోసం ఒక చట్టం చేసింది. 1882 నుంచి ఆ చట్టం ప్రకారం కేసుల మీద అధికారిక ముద్రలు గుద్దడం మొదలైంది. వెయ్యి పాళ్లలో 800 పాళ్లు వెండి ఉన్న కేసుకు అడవికోడి జాతికి చెందిన ఒక పక్షి బొమ్మ, 875 పాళ్లు ఉన్నదానికి నిలబడిన ఎలుగుబంటి బొమ్మ వేసేవారు. బంగారంలో 18 క్యారెట్లకు స్త్రీ తల, 14 క్యారెట్లకు ఉడుత. కాబట్టి మీ వెనక మూత, లోపలి మూత స్విస్ తనిఖీ పొందిన 0.800 వెండి. ఆ రెంటి మీదా ఒకే సంఖ్య ఉందన్నారు కాబట్టి అవి ఒకే కేసుకు పుట్టిన జంట అని ధైర్యంగా చెప్పవచ్చు.

ఇక కేసు సంఖ్య, యంత్రం సంఖ్య వేరైతే కేసు మారినట్టే అనే మాటకు వద్దాం. మన వీధి దుకాణాల్లో తరచుగా వినిపించే ఈ మాట చాలా గడియారాల విషయంలో తప్పు. కేసు తయారుచేసేవారు వేరు, యంత్రం తయారుచేసేవారు వేరు, ఎవరి లెక్క వారిది. అమెరికాలో వాల్తామ్, ఎల్జిన్ వంటి కంపెనీల జేబు గడియారాల్లో కొనేవారు దుకాణంలో యంత్రాన్ని ఒకచోట, కేసును మరొకచోట ఎంచుకుని అక్కడికక్కడే బిగించుకునే పద్ధతి మామూలుగా ఉండేది. అక్కడ సంఖ్యలు కలవాలని ఆశించడమే పొరపాటు. స్విస్ కంపెనీ లాంజీన్ దారి వేరు. ఆ కర్మాగారంలోనే కేసులో బిగించి పంపిన పాత జేబు గడియారాల్లో యంత్రం మీదా, కేసు మీదా సాధారణంగా ఒకే సంఖ్య ఉంటుంది.

మీకు ఇది ఎందుకు ముఖ్యమంటే, వెస్ట్ ఎండ్ వారు అమ్మిన గడియారాల్లో కొన్నింటి యంత్రాలు లాంజీన్‌లో తయారైనవే. యంత్రం మీద గాని, డయలు కింద గాని లాంజీన్ గుర్తు అయిన రెక్కలున్న ఇసుక గడియారం బొమ్మ ఉందేమో చూపించండి. ఉంటే మీ ఊరి ఆయన అనుమానంలో కొంత పస ఉన్నట్టే. లేకపోతే సంఖ్యలు కలవకపోవడం ఏ లోపమూ కాదు.

కేసు మారిందో లేదో అసలు తేల్చేవి స్క్రూ గుర్తులు. యంత్రాన్ని కేసులో పట్టి ఉంచేవి సాధారణంగా రెండు చిన్న స్క్రూలు. వాటి తలలు కేసు లోపలి అంచు మీద ఒరుసుకుంటూ బిగుసుకుంటాయి. బిగించిన ప్రతిసారీ అక్కడ గోటితో గీరినట్టు నెలవంక ఆకారపు గీత పడుతుంది. వందేళ్లలో పది పన్నెండుసార్లు విప్పి ఉంటారు కాబట్టి, ఒకే చోట గీత మీద గీత పడి చిన్న గుంటలా తయారవుతుంది. ఆ గుర్తులు ఇప్పుడున్న స్క్రూల కిందనే ఉంటే ఈ కేసులో ఈ యంత్రమే మొదటినుంచీ ఉందనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. స్క్రూలకు దూరంగా మరో జత నెలవంకలు కనిపిస్తే మాత్రం ఈ కేసులో ఇంతకుముందు వేరే యంత్రం కాపురం చేసిందన్నమాట. కీ తిప్పే కడ్డీ దూరే రంధ్రాన్ని కూడా చూడండి. ఆకురాయితో సాగదీసి పెద్దది చేసినట్టు ఉంటే అనుమానించాలి.

కడియం మీది సింహం గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ సమూహంలో ఉన్నారు, వారికి వదిలేస్తున్నాను.

జవాబు 2: కృష్ణాతీరం, బర్మింగ్‌హామ్

పాత ముళ్లు గారు నన్ను ఉద్దేశించే అన్నారని అనుకుంటున్నాను. నేను ఉండే ఊళ్లో 1773 నుంచి వెండి బంగారాల తనిఖీ కార్యాలయం నడుస్తోంది. పాత కేసుల మీది బ్రిటిష్ ముద్రలు చదవడం నాకు పదేళ్లుగా ఉన్న అలవాటు.

ఎడమవైపుకు నడుస్తూ ముందుకాలు ఎత్తిన సింహం ఇంగ్లండులో స్టెర్లింగ్ వెండికి, అంటే వెయ్యికి 925 పాళ్ల వెండికి గుర్తు. ఇంగ్లీషు కేసుల్లో పూర్తి ముద్రల వరుస వెనక మూతలోపల ఉంటుంది. అందులో సింహంతో పాటు తనిఖీ జరిగిన ఊరి గుర్తు ఉంటుంది: లండన్‌కు చిరుత తల, బర్మింగ్‌హామ్‌కు లంగరు, చెస్టర్‌కు మూడు గోధుమ పనలు, వాటి నడుమ కత్తి. వీటికి తోడు ఏ సంవత్సరమో చెప్పే ఒక అక్షరం, కేసును తనిఖీకి తెచ్చినవారి పొడి అక్షరాలు. కడియం, దాని కింది మెడ చిన్న భాగాలు కాబట్టి వాటి మీద చాలాసార్లు సింహం ఒక్కటే గుద్దేవారు. అందువల్ల మీ కడియం ఇంగ్లీషు వెండి అని చెప్పగలం గాని, ఏ ఊరిదో, ఏ ఏటిదో చెప్పలేం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. బ్రిటన్‌లో అప్పట్లో వెండికి రెండే ప్రమాణాలు ఉండేవి, 925, 958. 800 పాళ్ల వెండి కేసు మీద బ్రిటిష్ కార్యాలయం సింహం ముద్ర వేసే ప్రసక్తే లేదు. అంటే ఒకే కేసు మీద పక్షీ సింహమూ కలిసి పుట్టడం అసాధ్యం. ఏదో ఒక ఇంగ్లీషు గడియారం కడియాన్ని తీసి మీదానికి వేశారు. ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. గొలుసు రాపిడికి మొట్టమొదట అరిగి తెగిపోయే భాగం కడియమే. గార్డు ఉద్యోగంలో రోజుకు ఎన్నిసార్లు జేబులోంచి తీసి చూసి ఉంటారో ఊహించండి.

పొడి అక్షరాల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఈ సమూహంలో చాలామంది వాటిని గడియారం చేసినవారి పేరుగా చదువుతున్నారు. ఆ అక్షరాలు చట్టం ముందు ఆ వస్తువుకు బాధ్యత వహించినవారివి. కొన్నిసార్లు కేసు చేసినవారే ఆ బాధ్యులు. ఎ.ఎల్.డి. అని కనిపిస్తే అది ఆరన్ లఫ్కిన్ డెనిసన్. వాల్తామ్ కంపెనీకి మూలమైన సంస్థను అమెరికాలో మొదలుపెట్టినవారిలో ఒకడైన ఆయన తరవాత బర్మింగ్‌హామ్ వచ్చి కేసుల తయారీ చేపట్టి, 1895లో ఇక్కడే కన్నుమూశాడు. వాల్తామ్ యంత్రం, ఎ.ఎల్.డి. కేసు, లంగరు ముద్ర కలిసి ఉన్న గడియారం చూసి భాగాలు కలిపేశారని కంగారుపడకండి, అది నిక్కమైన జోడీయే. చాలా సందర్భాల్లో మాత్రం ఆ అక్షరాలు కేసును కేవలం దిగుమతి చేసుకున్న ఏజెంటువి. 1907 జూన్ 1 నుంచి బ్రిటన్‌లోకి వచ్చే విదేశీ వెండి, బంగారు గడియారపు కేసులన్నీ అక్కడి కార్యాలయంలో తనిఖీ పొందాలన్న నియమం అమలైంది. అలా వచ్చిన స్విస్ వెండి కేసుల మీద సింహం ఉండదు, దాని బదులు .925 అనే అంకె, దిగుమతి కోసం ప్రత్యేకించిన ఊరి గుర్తు ఉంటాయి. మీ గడియారం మీద అలాంటివేవీ లేవు కాబట్టి అది బ్రిటిష్ తనిఖీ కార్యాలయం గడప తొక్కకుండానే మన దేశానికి చేరింది.

మరొక చిన్న సంగతి, అడగకపోయినా చెబుతున్నాను. 1784 నుంచి 1890 వరకు బ్రిటిష్ వెండి సామాను మీద పన్ను కట్టినట్టు రాజు లేదా రాణి తల ముద్ర ఉండేది. గడియారపు కేసులకు 1798లోనే ఆ పన్ను తీసేశారు. అందుచేత 1850 నాటి ఇంగ్లీషు కేసు మీద రాణి తల లేదని దాన్ని నకిలీ అనడం న్యాయం కాదు. నిజాయితీగల ఒక కేసును ఈ కారణంతోనే నకిలీ అని తీసిపారేయడం నా కళ్లారా చూశాను.

జవాబు 3: గోదావరి గట్టు

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. నిన్న ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని, పదిరెట్లు పెద్దదిగా చూపే కంటి అద్దం పెట్టుకుని మీరు చెప్పినవన్నీ వరసగా చూశాను. రాజమండ్రిలోనే మరో పెద్దాయన తన దుకాణంలో నా ఎదుటే యంత్రాన్ని బయటికి తీసి చూపించారు.

రెక్కల ఇసుక గడియారం ఎక్కడా లేదు. యంత్రం మీద కూడా వెస్ట్ ఎండ్ పేరే ఉంది. నెలవంక గీతలు సరిగ్గా స్క్రూల కిందనే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పడి గరుకుగా తయారయ్యాయి, మరెక్కడా రెండో జత లేదు. కీ కడ్డీ రంధ్రం అంచు నున్నగా గుండ్రంగా ఉంది. మెడ మీద అరిగిపోయిన చిన్న ముద్ర కనిపించింది. ఏటవాలు వెలుగులో పెట్టి చూస్తే తోక విప్పిన పక్షి ఆకారమే అని ఇద్దరం ఒప్పుకున్నాం.

కొత్తగా రెండు అనుమానాలు వచ్చాయి. అద్దాన్ని పట్టుకునే ముందు చట్రం మీద ఏ ముద్రా లేదు. కేసు మిగతా భాగం బూడిదరంగుగా నల్లబడి ఉంటే ఈ చట్రం మాత్రం కొద్దిగా పసుపు ఛాయతో మెరుస్తోంది. అయస్కాంతానికి అంటుకోలేదు. నొక్కితే పట్టుకునే రకం, ఒక పక్కన కాగితం దూరేంత సందు ఉంది. రెండో అనుమానం నిమిషాల ముల్లు మీద. గంటల ముల్లు నీలిరంగు ఉక్కుది, నిమిషాల ముల్లు నల్లగా ఉంది, పైగా నిమిషాల గీతల దాకా చేరడం లేదు.

వెనక మూతలోపల సూదితో గీసినట్టు 17/3/38 అనీ, దాని పక్కన ఆర్ 204 అనీ సన్నగా ఉన్నాయి. ఇవి ఏమిటో చెప్పగలరా? డయలు అసలుదేనా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది. ఎనిమిదో అంకె దగ్గర నుంచి మధ్యకు వెంట్రుకలాంటి పగులు ఒకటి ఉంది.

జవాబు 4: పాత ముళ్లు, సికింద్రాబాద్

ఎంత ఓపికగా చూశారు! చాలా సంతోషంగా ఉంది. మీరు చెప్పినదాన్నిబట్టి వెనక మూత, లోపలి మూత, మెడ ఒకే కేసువి. ఆ కేసూ ఈ యంత్రమూ మొదటినుంచీ కలిసే ఉన్నాయనడానికి నాకు సందేహం లేదు. మార్చినవి కడియం, ముందు చట్రం, నిమిషాల ముల్లు.

పసుపు ఛాయ గల ఆ చట్రం జర్మన్ సిల్వర్ అయి ఉంటుంది. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి లేదు, రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమం. వెండి నల్లబడినట్టు అది నల్లబడదు. అయస్కాంతం పరీక్షను ఇక్కడ నమ్ముకోవద్దు, ఎందుకంటే వెండీ అంటుకోదు, జర్మన్ సిల్వరూ అంటుకోదు. గీటురాయి మీద గీసి చూస్తానని కంసాలి అంటే, చట్రం లోపలి అంచున మాత్రమే గీయనివ్వండి. ముద్రలున్న మూతల మీద అసలు వద్దు, వాటి సంగతి ఆ పక్షి ఎప్పుడో చెప్పేసింది.

డయలు విషయానికి వస్తే, వెంట్రుక పగులు ఉండటమే ఒక శుభవార్త. అది రాగి రేకు మీద గాజులాంటి పూతను కొలిమిలో కాల్చి చేసిన డయలు, రంగు వేసిన రేకు అలా పగలదు. అంకెలు, పేరు కూడా ఆ పూతతో పాటే కాల్చి ఉంటే డయలును కంటికి సమానంగా పెట్టి ఏటవాలుగా చూసినప్పుడు మెరుపు ఎక్కడా తెగకుండా అక్షరాల మీదుగా సాగిపోతుంది. తరవాత రాసిన అక్షరాలైతే మందంగా పైకి తేలి ఉంటాయి, అక్కడ మెరుపు విరుగుతుంది. ఈ రోజుల్లో పాత డయళ్ల మీద రైలింజను బొమ్మ, రైల్వే పేరు కొత్తగా ముద్రించి అమ్మడం ఎక్కువైంది కాబట్టి ఈ పరీక్ష అందరూ నేర్చుకోవడం మంచిది.

ముళ్లకు పాత లెక్క ఒకటుంది. నిమిషాల ముల్లు కొస నిమిషాల గీతలను తాకాలి, గంటల ముల్లు కొస అంకెల లోపలి అంచు దగ్గర ఆగాలి. మీ నిమిషాల ముల్లు వేరే గడియారానిదని పొడవే చెబుతోంది.

17/3/38 అనేది బాగుచేసినవారు గీసుకున్న తేదీ, 1938 మార్చి 17. ఆర్ 204 వారి చిట్టాలో వరస సంఖ్య అయి ఉండాలి. మా నాన్నగారూ ఇలాగే గీసేవారు, ఆరు నెలల్లో గడియారం మళ్లీ వస్తే చిట్టా తెరిచి చూడటానికి. కడియం మార్చింది ఆ రోజేనని మాత్రం ఈ గీతతో చెప్పలేం.

వెనక చెక్కిన 1912 మీద మీరు అడగలేదు గాని, నేను ఆలోచించాను. మద్రాస్ రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి ఆ పేరు ఏర్పడింది 1908లో. చెక్కినదాంట్లో అంతకు ముందరి సంవత్సరం ఉంటే కల్పితమని తేలిపోయేది, 1912 మాత్రం కాలానికి సరిపోతోంది. చెక్కిన గాడి అడుగున నలుపు పేరుకుని, అంచులు చుట్టూ ఉన్న నగిషీ అంచుల్లాగే మొద్దుబారి ఉంటే అది పాతదే. నగిషీ అరిగి, అక్షరాల అంచులు మాత్రం గోటికి పట్టేంత పదునుగా ఉంటే తరవాత చెక్కినది.

జవాబు 5: తులసికోట, గుంటూరు

ఈ చర్చ చదువుతుంటే నా బాధ ఒకటి పంచుకోవాలనిపించింది. మా అమ్మమ్మగారి తండ్రి వాడిన వెండి గడియారం నా దగ్గర ఉంది. పండగకు ముందు ఇంట్లో వెండి కుందులతో పాటు దాన్ని కూడా చింతపండు, విభూతి పెట్టి ఏళ్ల తరబడి తోమారు. ఆ తరవాత నేనే ఒక దుకాణంలో ఇస్తే వారు చక్రం మీద మెరుగు పెట్టి, అద్దంలా చేసి ఇచ్చారు. చూసి ఆ రోజు మురిసిపోయాను. లోపలి మూత మీద ఒకప్పుడు మూడు చిన్న బొమ్మలు ఉండేవి, చిన్నప్పుడు వాటిని చూసి ఎలుకలు అనుకునేదాన్ని. ఇప్పుడు అక్కడ నునుపైన వెండి తప్ప ఏమీ లేదు. అవి ఏమై ఉంటాయో చెప్పగలరా?

జవాబు 6: కృష్ణాతీరం, బర్మింగ్‌హామ్

తులసికోట గారూ, ఒకటి పెద్దది, రెండు చిన్నవి, ముక్కోణంలా అమర్చి ఉన్నట్టు మీకు గుర్తుంటే అవి ఎలుకలు కాదు, మూడు ఎలుగుబంట్లు. బ్రిటన్ 1887లో చేసిన సరుకుల గుర్తుల చట్టం తరవాత అక్కడికి వెళ్లే వెండి 925 పాళ్లకు ఒక్క పాలు కూడా తగ్గకూడదని పట్టుబట్టడంతో, మాటు వేసిన చోట్ల కలిసే లోహం వల్ల తక్కువ రాకుండా స్విస్ వారు 935 పాళ్ల వెండి వాడి, దానికి ఈ మూడు ఎలుగుబంట్ల ముద్ర పెట్టారు. ముద్రను గుద్దితే లోహం లోపల కూడా నొక్కుకుంటుంది కాబట్టి మూతకు రెండో వైపు ఉబ్బు ఏమైనా మిగిలిందేమో, ఏటవాలు వెలుగులో ఆ చోటును ఫోటో తీసి చూడండి. మెడ మీద, కడియం మీద కూడా చిన్న ఎలుగు మిగిలి ఉండవచ్చు. మెరుగు చక్రం ఆ మూలల్లోకి అంతగా చేరదు.

జవాబు 7: గోదావరి గట్టు

వెనక అక్షరాలను ఈ ఉదయం చూశాను. అంచులు నగిషీతో సమానంగా మొద్దుబారి ఉన్నాయి, గాడిలో నలుపు ఉంది. డయలు మీద మెరుపు ఎక్కడా తెగలేదు.

రాజమండ్రి పెద్దాయనతో మాట్లాడి ఇలా నిర్ణయించుకున్నాను. యంత్రాన్ని శుభ్రం చేసి నూనె వేస్తారు, కేసును మెత్తని పొడిగుడ్డతో తుడవడం తప్ప మరేమీ చేయరు. సరైన పొడవు గల నీలి ముల్లు ఆయన దగ్గరి పాత సామానులో దొరికితే వేస్తారు. తీసిన నల్ల ముల్లును చిన్న పొట్లం కట్టి గడియారంతోపాటే ఇమ్మని అడిగాను. చట్రాన్ని, సింహం ఉన్న కడియాన్ని అలాగే ఉంచుతున్నాను. ఆ కడియం లోపలివైపు గొలుసు కొక్కెం ఒరిసి ఒరిసి సగానికి సగం అరిగి ఉంది, అదంతా మా ముత్తాతగారూ తాతగారూ వాడిన అరుగుదలే అయి ఉండవచ్చు. మూతలో 17/3/38 కింద కొత్త తేదీ గీయమంటారా అని ఆయన అడిగారు. ముద్రలకు దూరంగా, చిన్నగా గీయండి అన్నాను.